పెండ్లికొడుకు చేతికి ఏ కత్తి?

మా ఎమ్మిగనూరు దిక్కున పెండ్లికొడుకు చేతికి ముందుగా వచ్చేది పెండ్లికూతురు చెయ్యి కాదు, కత్తి. ఒంటికి పసుపు పూసి పెండ్లికొడుకును చేసిన వెంటనే చేతిలో ఒక కత్తి పెట్టి, దాని మొనకు నిమ్మకాయ గుచ్చుతారు. మళ్ళీ కంకణం విప్పేదాకా ఆ కత్తిని కింద పెట్టకూడదు. తింటున్నా, పండుకున్నా, చెంబు పట్టుకొని చేనుగట్టుకు పోయినా అది వెంట ఉండాల్సిందే. పసుపు ఒంటి మీద గాలీ ధూళీ వాలకుండా ఇనుము కాపాడుతుందని పెద్దల నమ్మకం. నా నమ్మకం వేరు. పెండ్లి కుదిరినవాడి చేతులు ఖాళీగా ఉంటే పారిపోవాలనే బుద్ధి పుడుతుంది, అందుకే ఏదో ఒకటి పట్టిస్తారు.

నాకు పెండ్లి కుదిరింది యుద్ధం రోజుల్లో. మాది ఎమ్మిగనూరు పక్కన పల్లె. నేను ఆదోని షావుకారి దగ్గర ఎద్దుల బండి తోలేవాణ్ణి. మా చుట్టుపక్కల రైతుల పత్తి మూటలు ఆదోని మిల్లుకు చేర్చి, వచ్చేటప్పుడు ఉప్పో బెల్లమో వేసుకొని రావడం నా పని. పిల్లది ఆదోని. చూడ్డానికి పోయినప్పుడు ఆమె ఎత్తిన తల లేదు, నేను దించిన తల లేదు. బాగుంది అని మా మేనమామకు చెప్పాను. మా ఆచారం ప్రకారం పెండ్లి మగపిల్లవాని ఇంటి దగ్గరే కాబట్టి, పందిరి మా వాకిట్లోనే వేయాలని అనుకున్నారు.

మా అమ్మ సంగతి ఇక్కడే చెప్పాలి. నాకు నడక రాకముందే మా నాయన పోయాడు. కూలికి పోయి నన్ను పెంచింది ఆమె. ఆమెకు నగలు లేవు, నట్ర లేదు. ఉన్నదంతా ఒక సూరకత్తి. అరిగిపోయిన ఆకురాయిని కొలిమిలో కాల్చి, సాగగొట్టి మా ఊరి కమ్మరి చేసిచ్చిన కత్తి అది. జానెడు అలుగు, తుమ్మకర్ర పిడి, పిడి మీద చెయ్యి జారకుండా చుట్టిన గోగునార. దానికి ఒర లేదు. పాతగుడ్డ చుట్టి నడుములో దోపుకొనేది. పొద్దున పండ్ల పుల్ల కోసేది దాంతోనే, చేలో గురుగాకు కోసేది దాంతోనే, నా కాలిలో ముల్లు తీసేది దాంతోనే, ఇంటికొచ్చి వంకాయలు తరిగేది దాంతోనే.

"సేతిలో కత్తి ఉన్నెట్టు గ్యానమే రాకూడదు నాయనా. పని మీదనే ఉండల్ల గ్యానం. అదీ మంచి కత్తంటే" అనేది. గ్యానమంటే ఆమె మాటలో ధ్యాస.

పెండ్లి ఖాయమైన రోజే ఆమె నాతో ఒక మాట చెప్పేసింది. "నేను వంటకాడ ఉంటాలే. నన్ను పందిట్లేకి పిలవగాకు." మొగుడు లేని ఆడది పసుపు పూసే చోటికి రాకూడదు, తాళి కట్టే చోటికి అసలే రాకూడదు. ఆమె ఆ మాట ఏడుస్తూ చెప్పలేదు. ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేరుగా మా మేనమామ దగ్గరికి పోయాను. ఆయన మా అమ్మకు తమ్ముడు, మా ఇంటికి పెద్దదిక్కు.

"మామా, నన్ను పెంచినామె కండ్ల ముందర లేకుండా నేను తాళి కట్టల్లనా?"

"ఆచారం అల్లుడా. నువ్వు పెట్టిందా, నేను పెట్టిందా?" అన్నాడాయన.

ఎవరూ పెట్టకుండానే ఎట్లా వచ్చిందని అడిగాను. దానికి ఆయన పెత్తనంతోనే జవాబు చెప్పాడు. ఆ పెండ్లిలో నాకు నగలొద్దు, మేళం ఒద్దు, మూడు ముళ్ళు వేసేటప్పుడు మా అమ్మ నాకు కనపడితే చాలు. ఆ ఒక్కటీ తప్ప మిగతావన్నీ చేస్తామన్నారు. మూతి ముడుచుకొని తిరిగాను.

నా అలక తీర్చడానికి మా మామ కత్తి పని నెత్తినేసుకున్నాడు. "నీ పెండ్లి కత్తి చూసి ఆదోనోళ్ళు నోరెళ్ళబెట్టల్ల" అని, మా షావుకారి ఇంటికి పోయి వాళ్ళ పెద్దల కాలం నాటి వెండి పిడి బాకు అడిగాడు. షావుకారు మంచివాడు. సంతోషంగా ఇచ్చాడు. ఎర్ర మఖమలు ఒర, పిడి మీద లతలు, చివర చిలక తల. నా బండిలో, గడ్డి మీద గుడ్డ పరిచి, దాన్ని దొరసానిని తెచ్చినట్టు తెచ్చాము. ఊరంతా చూడ్డానికి వచ్చింది. చూసినవాళ్ళంతా ముట్టుకున్నారు గానీ ఒర తీసి చూద్దామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. చివరికి మా మామే "తియ్యప్పా, అలుగు సూద్దాం" అన్నాడు.

లాగాను. రాలేదు. మామ ఒరను రెండు మోకాళ్ళ నడుమ ఇరికించుకొని కూర్చుంటే, నేను చిలక తల పట్టుకొని కాలు తన్ని పెట్టి లాగాను. ఉన్నట్టుండి ఊడి వచ్చింది. నేను పోయి గడ్డివామిలో పడ్డాను. చేతిలో ఉన్నది చూస్తే బెత్తెడు ఇనుము, అది కూడా చిలుము తిని జల్లెడైంది. మొన లేనే లేదు. పైన పటారం, లోన లొటారం. మా మామ అయినా వదల్లేదు. నిమ్మకాయ తెప్పించి దాని మీద అదిమాడు. కాయ పిండయింది, రసం ఆయన మోచేతి దాకా కారింది.

"దారంతో కడదాంలే" అన్నాడు.

అప్పుడే మా అమ్మ నీళ్ళబిందె ఎత్తుకొని అటు పోతూ, ఆగి చూసి, "సూడనీకి బాగుంది, పెండ్లికొడుకు మాదిరే" అంది. పని చేయడం రాదని ఆ మాటకు అర్థం. వాకిలంతా నవ్వింది. మామ కూడా నవ్వాడు. నేను మాత్రం, చెంబు పట్టుకొని చేనుగట్టుకు పోయినప్పుడు ఈ వెండి చిలకను ఎక్కడ పెట్టుకోవాలా అని ఆలోచిస్తున్నాను. మర్నాటి బండికే దాన్ని తుడిచి, మొక్కి, షావుకారి ఇంట్లో అప్పజెప్పాను.

ఇక కొత్త కత్తి కొనాలి. మామా నేనూ ఆదోని బజారుకు పోయాము. అక్కడ ఒక ముసలి సాయిబు గోనెపట్ట పరిచి కత్తులు అమ్ముతున్నాడు. వంకర జంబియాలు, వేటలు కోసే వెడల్పు కత్తులు, కొమ్ము పిడి కత్తులు, తమలపాకుల వాళ్ళు వాడే బుల్లి కత్తులు. నా కండ్లు ఒక వెడల్పు కత్తి మీద పడ్డాయి. అలంకారం ఏమీ లేదు. చేతిలోకి తీసుకుంటే బరువు పిడి దగ్గరే ఆగింది, మొన కిందికి లాగలేదు. ఇనుము పిడి చివరి దాకా పోయి, అటూ ఇటూ కర్ర బిగించి ఉంది. గోటితో మీటితే ఖంగుమంది. ఇదే అన్నాను.

"దాంతో పెండ్లికి పోతాండావా, వేట కొయ్యనీకి పోతాండావా?" అన్నాడు మామ.

సాయిబు కూడా తల అడ్డంగా ఊపాడు. "ఖరా మాల్ బేటా, కానీ ఇది మాంసం కొట్టే కత్తి. శాదీకి వద్దు. మీ పెద్దోళ్ళు తిడతారు." అమ్ముకునేవాడే వద్దంటే ఇంక నేనేం చేసేది? అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుని నోట్లో శని అన్నట్టు, అన్ని కత్తుల మధ్య కూర్చొని నాకు కావలసింది నేను కొనలేకపోయాను. మా మామ కొమ్ము పిడి కత్తి ఒకటి తీసి ఎండలో తళతళా ఆడించాడు. అది నాకు నచ్చలేదు. పిడికీ అలుగుకూ మధ్య లక్క పూసి ఉంది, లోపల ఇనుము ఎంతవరకు పోయిందో కనపడదు. ఆ మాటే అడిగితే, "ఇనుము దొరకని కాలం బేటా, ఉన్నంత పోయింది" అన్నాడు సాయిబు. అంతకంటే నిజం ఎవరు చెబుతారు? కానీ మేనమామ పెట్టే కానుక, మేనమామ ఇష్టం. తీసుకున్నాము.

తిరుగు దారిలో బండి మీద ఆయన ఆ కత్తిని ఒరలో పెట్టింది లేదు. దారి పక్కన తుంగభద్ర ఇసుకలో పండిన కలింగరకాయలు, అదే పుచ్చకాయలు, రాశి పోసి అమ్ముతున్నారు. బండి ఆపించాడు. "నీకు నమ్మకం లేదు గదా, సూడు" అని ఒక కాయను బండి పలక మీద పెట్టి, కత్తి ఎత్తి ఒక్క పోటు పొడిచి, పైకి లాగాడు. కొమ్ము పిడి ఆయన చేతిలో ఉంది. అలుగు కాయలో ఉండిపోయింది. ఆయన పిడి వైపు చూశాడు, కాయ వైపు చూశాడు, నా వైపు మాత్రం చూడలేదు.

"కాయ గట్టిది" అన్నాడు.

అప్పుడు నవ్వినట్టు నేను ఇంకెప్పుడూ నవ్వలేదు. ఎద్దులు బెదిరి నాలుగడుగులు ముందుకు పోయాయి. కాయలమ్మే ఆమె ఆ కాయను బండి చక్రానికి కొట్టి పగలగొట్టి ఇచ్చింది. గడ్డాల నిండా రసం కారుతుంటే తిన్నాము. నా అలక సగం ఆ కలింగరకాయతోనే పోయింది. కానీ కత్తి లేదు, తెల్లవారితే పసుపు.

ఆ తెల్లవారి నన్ను పీట మీద కూర్చోబెట్టారు. ముత్తైదువలు పసుపు గిన్నెలతో నిలబడ్డారు. నిమ్మకాయ సిద్ధం. మా మామ ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. ఒకరు మొద్దు మడతకత్తి ఇచ్చారు, అది తెరుచుకోలేదు. ఒకరు కొడవలి తెచ్చారు. "కొడవలి పట్టుకుంటే పెండ్లికొడుకా, కోతకూలోడా?" అని ఆడవాళ్ళు పరాచికాలాడారు. ఆ నవ్వుల మధ్య ఇంటి వెనక నుంచి టకటకమని చప్పుడు వినపడింది. మా అమ్మ ఉల్లిగడ్డలు తరుగుతోంది. అంతవరకు ఆ కత్తి ఎవరికీ తట్టలేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకూ తట్టలేదు. రోజూ కనపడేది కండ్లకు ఆనదు.

"మామా, అమ్మ కత్తి తే" అన్నాను.

ముత్తైదువల్లో నవ్వు ఆగింది. వరసకు అత్త అయ్యే ఒకామె, "పసుపు కుంకం లేని సేతి కత్తి గదప్పా" అని సన్నగా అంది. రెండు కత్తులు చెడగొట్టుకున్న మా మామకు అప్పటికే ఓపిక చచ్చింది. "ఇనుముకు మొగుడేంది, పెండ్లామేంది? మూయండమ్మా నోర్లు" అని కసిరి, ఇంటి వెనక్కి పోయాడు. "నా కత్తా? ఒద్దు తమ్ముడా, యాడన్నా మంచిది సూడండి" అని మా అమ్మ గొంతు వినపడింది. తరువాత ఏం జరిగిందో గానీ, కాసేపటికి బూడిదతో తోమిన కత్తి నా చేతికొచ్చింది. పిడికున్న గోగునార ఇంకా తడిగా ఉంది. నిమ్మకాయ మొనకు పెట్టి నొక్కితే సుళువుగా దిగింది. డోలు మోగింది.

ఆ డోలు మోత ఇంకా ఆగకముందే ఇంటి వెనక నుంచి కబురు. వంట ఆగిపోయింది. గంపల నిండా ఉల్లిగడ్డలు, వంకాయలు, తక్కిన కత్తులన్నీ మొద్దువి. ఒక గడియ ఆ కత్తి పంపండి అని. పంపడమెట్లా? నేను దాన్ని వదలకూడదు. అది లేకుండా ఊరికి కూర లేదు. పెద్దలు తల పట్టుకున్నారు. నాకు మాత్రం సంతోషం పట్టలేదు. "కత్తి రాకూడదు గానీ కత్తి పట్టుకున్నోడు రావచ్చు గదా" అని లేచి, పసుపు ఒంటితో, కొత్త పంచెతో, ఇంటి వెనక్కి పోయి మా అమ్మ పక్కన చతికిలబడ్డాను.

పెండ్లికొడుకు కూర తరిగిన పెండ్లి మా దిక్కున అదొక్కటే అనుకుంటాను. మొన మీద నిమ్మకాయ ఉంది కాబట్టి అలుగులో పిడి దగ్గరి భాగంతో తరగాలి. చెయ్యి ఆడినప్పుడల్లా నిమ్మకాయ తల ఊపేది. వంటవాళ్ళంతా ముసలమ్మలు, మా అమ్మలాంటి వాళ్ళు. పందిట్లోకి రాకూడని వాళ్ళందరి మధ్య నేనొక్కణ్ణి పెండ్లికొడుకును.

"యేళ్ళు లోపలికి ముడ్సుకో. పెండ్లి ఉంగరం పెట్టనీకి ఏలు మిగలల్ల" అనేది మా అమ్మ. "లావు లావుగా తరగతాండావు, మీ మామ తిండికా ఊరి తిండికా?" అనేది. నా కండ్ల నుంచి ధారలు. "అప్పుడే ఏడిస్తే ఎట్లప్పా, పిల్లది ఇంకా రాలేదు" అని ఒక ముసలమ్మ అంటే, మా అమ్మ వెనక్కి వాలి నవ్వింది. ఆమె అట్లా నవ్వడం నేను చాలా తక్కువ చూశాను. ఆ పూట నాకున్నంత సుఖం ఏ మహారాజుకూ ఉండదు.

మధ్యాన్నం నలుగు పెట్టే వేళయింది. పెండ్లికొడుకు ఇంటి వెనక ఉన్నాడు కాబట్టి ముత్తైదువలు పాట పాడుకుంటూ పసుపు పళ్ళేలతో అక్కడికే వచ్చారు. పాట వినపడగానే మా అమ్మ చేతిలోని వంకాయ గంపలో వేసి లేచింది. మిగతా ముసలమ్మలూ లేచారు. ఎవరూ పొమ్మనలేదు. కట్టెల మోపు అవతలికి పోయి, అటు తిరిగి నిలబడ్డారు. నా చెంపలకు పసుపు రాశారు, పాట చాలా బాగుంది, నాకు ఒక్క ముక్క చెవికెక్కలేదు. వాళ్ళు పోయాక మా అమ్మ వచ్చి, "మొగం అట్ల పెట్టుకుంటే కూర చేదెక్కుతాది" అని మళ్ళీ గంప ముందర కూర్చుంది. రేపు తాళి కట్టేటప్పుడు ఈ కట్టెల మోపు అవతలే ఉంటావా అని అడిగాను. "నాకు యినపడుతుందిలే మేళం" అంది.

మర్నాడు పొద్దున ఆదోని వాళ్ళు బండ్లు దిగారు. పందిట్లో నా ఎదురుగా, తెర అవతల పిల్లదాన్ని కూర్చోబెట్టారు. నా చేతులు ఎంత కడిగినా ఉల్లిగడ్డ వాసన పోలేదు. తెర తీయగానే ఆమె కండ్లలో నీళ్ళు తిరిగాయి. ఆదోని ఆడవాళ్ళు పుట్టింటి బెంగ అనుకొని ముక్కులు తుడుచుకున్నారు. అది బెంగ కాదు, నా చేతులని తరువాత ఆమే నాకు చెప్పింది.

అయ్యవారు తాళి అందించాడు. సన్నాయి పైకి లేచింది. తాళి కట్టడానికి రెండు చేతులు కావాలి, నా కుడి చేతిలో కత్తి ఉంది. ఆ కాసేపు కత్తి పట్టుకోవాల్సిన తోడుపెండ్లికొడుకు, మా మామ చిన్న కొడుకు, నా పక్కనే నోరు తెరుచుకొని నిద్రపోతున్నాడు. నడుములో దోపుకొమ్మన్నారు ఎవరో. ఒర లేని కత్తి, పంచె తెగుతుంది. "ఎవరో ఒకరు పట్టుకోండయ్యా, గడియ దాటిపోతోంది" అని అయ్యవారు కేకేశాడు. "నాకియ్యి అల్లుడా" అని మా మామ చెయ్యి చాపాడు. ఇవ్వబోయాను. అప్పుడు, జనం తలల మీదుగా, ఇంటి మూల తడిక పక్కన మా అమ్మ ముఖం సగం కనపడింది.

నేను ముందుగా అనుకున్నది ఏమీ లేదు. నోటికి వచ్చింది, అంతే.

"అమ్మా! వచ్చి నీ కత్తి పట్టుకో. ఎవురికన్నా తెగుతాది!"

చేలో పని చేస్తూ పిలిచినప్పుడు ఎట్లా వచ్చేదో అట్లాగే వచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, గబగబా, జనాన్ని తోసుకుంటూ. ఆమె కండ్లు కత్తి మీదే ఉన్నాయి. అది పందిరి అని, అవి అక్షింతలు అని, ఆ పొద్దు ఆమెకు గుర్తు లేదు. పసుపు నాడు సన్నగా మాట అన్న ఆ అత్తే మళ్ళీ ఏదో అనబోయింది. మా మామ చాపిన చెయ్యి వెనక్కి తీసుకొని, "దారి ఇడవండప్పా, మా అక్క వస్తాంది" అని గట్టిగా అన్నాడు.

కత్తి ఆమె చేతిలో పెట్టాను. పిడి ఆమె అరచేతిలో ఒదిగాక గానీ ఎక్కడ నిలబడిందో ఆమెకు తెలియలేదు. తెలిసి, ఒక అడుగు వెనక్కి వేయబోయింది. అప్పటికే నేను పిల్లదాని మెడ చుట్టూ దారం తిప్పి మొదటి ముడి వేశాను. కత్తి పట్టుకున్నవాళ్ళు కదలకూడదు గదా, నిలబడిపోయింది. రెండో ముడి వేస్తూ తల ఎత్తి చూశాను. నా పక్కనే, నిమ్మకాయ గుచ్చిన కత్తిని నిటారుగా పట్టుకొని, పెదవులు బిగించి, నా వేళ్ళ వైపే చూస్తోంది. అక్షింతలు ఆమె తల మీద కూడా పడ్డాయి. తుడుచుకోలేదు.

ఆమె కొంచెం ముందుకు వంగింది.

"మూడోది గట్టిగా ఎయ్యి నాయనా" అంది.